సోడియం సీసా

కెమిస్ట్రీ మేడం కుడిచేత్తో ఫ్లాస్కును గుండ్రంగా తిప్పుతూ, ఎడమచేత్తో బ్యూరెట్ మరను వెంట్రుకవాసి కదిపి, "ఒక్క చుక్క... ఆగు. ఇంకొక్క చుక్క..." అంటుంది. ఆ రెండో చుక్కకి ఫ్లాస్కులోని నీళ్లు లేత గులాబీ రంగుకి తిరుగుతాయి. పద్దెనిమిదేళ్లుగా ప్రతి బ్యాచ్‌కీ ఇదే మాట చెప్పీ చెప్పీ ఆమెకు 'చుక్క మేడం' అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు సంగతి ఆమెకు తెలుసని మాత్రం పిల్లలకు తెలియదు.

సోమవారం మూడో పీరియడ్ అయ్యాక చేతులు కడుక్కుని స్టాఫ్ రూమ్‌కి వచ్చేసరికి నోటీసు బోర్డు ముందు అందరూ గుమికూడి ఉన్నారు. సూపరింటెండెంట్ అప్పుడే కొత్త కాగితం గుచ్చి, మిగిలిన గుండుసూదిని పెదవుల మధ్య పెట్టుకుని నిలబడ్డాడు. కొత్త జీతాల పట్టిక అది.

యాజమాన్యానికి ఉన్నవి రెండు కాలేజీలు. ఒకటి ఇక్కడ, ఈ చిన్న ఊళ్లో. రెండోది బస్సులో గంటన్నర దూరంలో, నగరంలో. రెండు చోట్లా అవే పాఠాలు, అదే పరీక్ష, దిద్దే పేపర్లు కూడా కలగాపులగం చేసి పంచేవే. జీతం దగ్గరకి వచ్చేసరికి మాత్రం పట్టికలో రెండు నిలువు గళ్లున్నాయి. 'నగరం', 'ఇతర ప్రాంతం'. రెండో గడిలో ఏ అంకె చూసినా మొదటి గడిలో దానికి దాదాపు రెట్టింపు. అది అందరికీ తెలిసిందే. నగరంలో అద్దెలెక్కువ కాబట్టి పోనీలే అని చుక్క మేడం ఎప్పుడో సరిపెట్టుకుంది. ఆమె ఆశంతా అడ్డు వరసల మీదే. అవి అనుభవాన్ని బట్టి ఉంటాయి. రెండేళ్లలోపు, అయిదేళ్లలోపు, పదేళ్లలోపు, పదిహేనేళ్లలోపు, ఆ పైన. ఏ వరసలోకి ఎవరెవరు వస్తారో పేర్లు కూడా అందులోనే ఉన్నాయి.

ఆమె నేరుగా అన్నిటికన్నా కింద వరసలో వేలు పెట్టింది. ఫిజిక్స్ మాస్టారి పేరు గానీ ఆమె పేరు గానీ అక్కడ లేవు. పై వరసకి వచ్చింది. లేదు. ఇంకా పైకి వచ్చింది. చివరికి మొట్టమొదటి వరసలో దొరికింది. ఇంగ్లిష్ చెప్పడానికి ఎనిమిది నెలల కిందట చేరి, ఇప్పటికీ చాక్‌పీసులు ఎక్కడుంటాయని అడిగే అమ్మాయి పేరు కింద ఉంది ఆమె పేరు.

"ఇదేంటండీ, ఇలా పడింది? టైపింగ్ తప్పా?" అంది సూపరింటెండెంట్‌తో.

ఆయన నోట్లోంచి గుండుసూది తీసి చొక్కా అంచుకి గుచ్చుకున్నాడు. "తప్పేం కాదు మేడం. తెగకుండా చేసిన సర్వీసుకే లెక్కన్నారు. మీరు ఏటా రిలీవ్ అవుతున్నారు కదా."

"రిలీవ్ అవడమేంటి? నేనెక్కడికి పోయాను?"

"అదే మేడం, ఆఖరి రోజు సంతకం పెడతారు చూడండి, సగం కాగితం."

సగం కాగితం ఆమెకు గుర్తుంది. వేసవి సెలవులకి ముందు ఆఖరి పనిదినాన అందరూ వరసలో నిలబడి సంతకం పెట్టే కాగితం. పైసగంలో 'ఇష్టపూర్వకంగా విధుల నుంచి తప్పుకుంటున్నాను' అని ఉంటుంది. కాలేజీ తెరిచిన రోజున అదే కాగితం కిందిసగంలో 'విధుల్లో చేరుతున్నాను' అని మరో సంతకం. కాగితం పొదుపు. ఆ రెండు సంతకాల మధ్య రెండు నెలలకి జీతం ఉండదు. హాజరుపట్టీలో సంతకం పెట్టినట్టే పెట్టేసి, బస్సు వేళైపోతోందని పరిగెత్తడమే తప్ప ఆ కాగితాన్ని ఎవరూ ఆసాంతం చదివిన పాపాన పోలేదు. నగరం కాలేజీలో ఈ పద్ధతి లేదు. అక్కడ రెండు నెలలు జీతం ఆపితే పక్క కాలేజీవాళ్లు పిలిచి కుర్చీ వేస్తారు. ఇక్కడ పక్క కాలేజీ అంటూ ఉంటే కదా.

"అంటే నేను పద్దెనిమిదిసార్లు కొత్తగా చేరానన్నమాట" అంది.

"కాగితం ప్రకారం అంతే మేడం." ఆయన మంచివాడే. చెప్పేటప్పుడు ఆమె మొహం చూడలేక బోర్డు వైపు చూశాడు. "అభ్యంతరాలుంటే శనివారం నాలుగింటి వరకూ టైముంది. ఆధారాలుండాలి. ఆ తర్వాత ఖాయం చేసేస్తారట, మళ్లీ పదేళ్లకి గానీ ముట్టుకోరట."

ఆమె రిటైరవడానికి ఇంకా తొమ్మిదేళ్లే ఉంది. ఈ శనివారం దాటితే ఆ మొదటి వరసలోనే ముసలైపోయి ఇంటికి వెళ్తుంది. అరికాలి మంట నెత్తికెక్కింది గానీ, నాలుగో పీరియడ్ గంట కొట్టారు. రిజిస్టరు చంకన పెట్టుకుని క్లాసుకి వెళ్లింది.

ఇంట్లో చెప్పినప్పుడు అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది. ఆవిడకి ఎనభై దగ్గరపడుతోంది. చూపు తగ్గింది గానీ మాట పదును తగ్గలేదు.

"పద్దెనిమిదేళ్లు ఒకే బడికి పోయి, ఇంకా ఒకటో తరగతిలోనే ఉన్నావుటే అమ్మాయ్?"

చుక్క మేడానికి నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఏం చేయాలో తోచక మంచినీళ్లు తాగింది.

ఇంటి ముందుగదిలోనే భర్త దుకాణం. కాలిపోయిన మోటార్లకి రాగితీగ చుట్టే పని. ఆయన తీగ చుట్లు లెక్కపెడుతూ మధ్యలో మాట్లాడడు. నూట ఇరవై దాకా లెక్కపెట్టి, ముడివేసి, అప్పుడన్నాడు. "రేపు వెళ్లి అడుగు. ఇంట్లో కూర్చుని మనం ఎన్ని అనుకున్నా వాళ్లకి వినపడదు."

మంగళవారం సెలవు చీటీ రాసిచ్చి నగరం బస్సెక్కింది.

ప్రధాన కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. జీతాల అధికారి ఆమెకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు. కూర్చోమన్నాడు, టీ చెప్పాడు, ఆమె చెప్పిందంతా మధ్యలో అడ్డుతగలకుండా విన్నాడు. అంత మర్యాదగా వినేవాడిని చూస్తే ఆమెకు భయం వేసింది.

"మీ బాధ నాకర్థమైంది మేడం. కానీ మీరే తప్పుకుంటున్నానని రాసిచ్చారు. జీతం రాని నెలల్లో కూడా మీరు కాలేజీలో పనిచేసినట్టు కాగితం ఏమైనా ఉందా? ఉంటే తీసుకురండి, పైకి పంపిస్తాను."

లేదని తెలిసీ, చూస్తానని లేచింది.

కింది అంతస్తులో కెమిస్ట్రీ లాబ్. దాని ఇన్‌చార్జి చుక్క మేడం దగ్గర చదువుకున్న పిల్లే. చేరి మూడేళ్లయింది. మేడాన్ని చూడగానే పరుగున వచ్చి చేతిలోని సంచీ అందుకుంది. క్లాసు జరుగుతోంది. ఒక కుర్రాడు బ్యూరెట్ మరను గబుక్కున తిప్పేసి ఫ్లాస్కంతా ముదురు గులాబీ చేసేశాడు. "మళ్లీ మొదలుపెట్టు. ఒక్క చుక్క అని చెప్పానా లేదా?" అని కసిరింది శిష్యురాలు. ఆ కసురులో తన గొంతే వినిపించి చుక్క మేడం తల పక్కకి తిప్పుకుంది.

"నువ్వే వరసలో పడ్డావు?" అని అడిగింది కాస్త ఆగి.

"రెండోదిలో మేడం. సగం అద్దెకే పోతుందనుకోండి..." అని ఆగిపోయింది. మేడం జీతానికి తన జీతం రెండున్నర రెట్లని ఇద్దరికీ లెక్క వచ్చు.

"నువ్వెందుకే సిగ్గుపడతావు? నువ్వేమన్నా దొంగతనం చేశావా?"

శిష్యురాలు మాట మార్చడానికి అలమర తలుపు తీసి కొత్త సీసాలు చూపించింది. కింది అరలో, ముదురు గోధుమరంగు సీసాలో, కిరోసిన్‌లో మునిగి సోడియం ముక్కలున్నాయి. "ఈ మహాతల్లితోనే మేడం చచ్చేచావు. సెలవుల్లో వారానికోసారి వచ్చి కిరోసిన్ పోయాలి. ఎండకి ఇట్టే దిగిపోతుంది. అన్నట్టు, మన ఊళ్లో సెలవుల్లో ఎవరు పోస్తారు? అక్కడెవరూ సర్వీసులో ఉండరు కదా?"

"ఎవరు పోస్తారే, నేనే పోస్తాను" అని అంటూనే చుక్క మేడం నిలబడిపోయింది. "పోసి, స్టాకు రిజిస్టర్లో రాస్తాను కూడా."

బుధవారం పొద్దున్నే లాబ్ తెరిచి అలమర పైనుంచి రిజిస్టర్లు దింపింది. మూడు లావుపాటి పుస్తకాలు. మొదటిదాని అట్ట ఊడిపోతే బ్యాండేజి గుడ్డతో అంటించి ఉంది. పేజీలు తిప్పుతుంటే తన చేతిరాత చిన్నదిగా మొదలై, పోనుపోను పెద్దదైంది. కళ్లజోడు వచ్చిన ఏడు నుంచి మరీ పెద్దది.

ప్రతి వేసవిలోనూ, వారం వారం, అవే అయిదు గళ్లు. తేదీ, వస్తువు, ఉన్న మట్టం, పోసినది, సంతకం. ఒక ఏడు చేయి విరిగి కట్టు కట్టించుకున్నప్పుడు ఎడమచేత్తో పెట్టిన వంకర సంతకం కూడా ఉంది. ఈ పని చేయమని ఎవరూ ఆమెను అడగలేదు. లాబ్ అటెండర్ ఉద్యోగం తీసేశాక, పై కప్పు కారే గదిలో ఆ సీసాను దాని మానాన వదిలేయలేక తాళంచెవి తనదగ్గరే ఉంచుకుంది, అంతే. కిరోసిన్ కూడా భర్త దుకాణంలోదే. మోటార్లు కడగడానికి ఆయన తెచ్చుకునే డబ్బాలోంచి ఓ సీసాడు పట్టుకెళ్లేది. కాలేజీ తెరిచాక ప్రిన్సిపాల్ ఆ పేజీలన్నిటికీ కలిపి ఒకే ఊపున పచ్చసిరాతో సంతకాలు గీకేవాడు. చదివి కాదు, చదవకే.

సాయంత్రానికి తొంభై ఆరు పేజీలు జిరాక్సు తీయించింది. అభ్యంతరం కాగితం శుభ్రంగా రాసి, పై పేజీగా పెట్టి కుట్టింది. మర్నాడు పొద్దున ఆ కట్ట ఆఫీసు టపాలో వెళ్లిపోయింది.

"అందులో నా కిరోసిన్ లెక్క కూడా రాయకపోయావా, నాకూ సర్వీసు వచ్చేది" అన్నాడు భర్త. ఆ రాత్రి ఆమె చాలారోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. ఇంత తొందరగా వచ్చిందంటే మంచిదే అయ్యుంటుందని సూపరింటెండెంట్ కూడా అనుకున్నాడు. కవరు చింపి ఆమె చేతికే ఇచ్చాడు.

విధుల నుంచి తప్పుకున్న వ్యక్తి సెలవు దినాల్లో అనుమతి లేకుండా ప్రయోగశాలలో ప్రవేశించినట్టు ఆమె పంపిన ఆధారాల ద్వారానే రుజువైందట. ఇది నిబంధనలకు విరుద్ధమట. సంవత్సరాల సేవను దృష్టిలో ఉంచుకుని ఈసారికి చర్య తీసుకోవడం లేదట. ఇకమీదట ఆఖరి పనిదినాన ప్రయోగశాల తాళంచెవినీ, ప్రమాదకర పదార్థాలనూ ప్రిన్సిపాల్‌కు స్వయంగా అప్పగించి రసీదు పొందవలెనట.

'సంవత్సరాల సేవ' అన్నచోట ఆమె చూపు ఆగిపోయింది. తిట్టడానికి మాత్రం సేవ ఉంది. జీతానికి లేదు. ఆమెకు ఏడుపు రాలేదు. కోపం కూడా ఎంతో సేపు లేదు. ఉత్తరాన్ని రెండోసారి, మూడోసారి, ప్రశ్నపత్రం చదివినట్టు నిదానంగా చదివింది. చివరి వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసింది.

శనివారం ఆఖరి పనిదినం. ఆఫీసు గది బయట సగం కాగితాల వరస కదులుతోంది. ఇంగ్లిష్ అమ్మాయి సంతకం పెట్టేసి బస్సుకి పరిగెత్తింది. చుక్క మేడం వరసలో నిలబడలేదు. లాబ్‌కి వెళ్లి, గ్యాస్ కట్టేసి, కిటికీలు బిగించి, తాళం వేసింది. కుడిచంకలో స్టాకు రిజిస్టరు, రెండు చేతుల్లో సీసా. వరండాలో అడుగులో అడుగు వేసుకుంటూ ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది.

సీసాను టేబుల్ మీద, ఫైళ్ల పక్కన పెట్టింది. తాళంచెవి దాని ముందు పెట్టింది.

"ఏంటిది మేడం?"

"సోడియం సర్. రెండువందల యాభై గ్రాములు. ప్రధాన కార్యాలయం ఉత్తరంలో చివరి వాక్యం చూడండి. స్వయంగా అప్పగించమన్నారు. ఇక్కడ అందినట్టు సంతకం చేస్తే చాలు."

ప్రిన్సిపాల్ చదువుకున్నది చరిత్ర. రిజిస్టరు వైపు కాక సీసా వైపు చూశాడు. "దీన్ని ఇక్కడెందుకు పెడతారండీ? లాబ్‌లోనే ఉంచండి."

"లాబ్ తాళం మీ టేబుల్ మీదుంది సర్. నేనిక లోపలికి వెళ్లకూడదు."

ఆయన కుర్చీ అంగుళం వెనక్కి జరిగింది. ఆమె గొంతు పెంచలేదు. పద్దెనిమిదేళ్లుగా మొదటి రోజు క్లాసులో చెప్పే మాటలే, అదే వరసలో చెప్పింది.

"వారానికోసారి మూత తీసి చూడండి సర్. ముక్కల మీద రెండు వేళ్ల మందాన కిరోసిన్ ఉండాలి. దిగితే పోయండి. తడిచేత్తో మాత్రం ముట్టుకోకండి. గాలి తగిలితే పాడవుతుంది, నీళ్లు తగిలితే అంటుకుంటుంది. అంటుకుంటే నీళ్లు పోయకూడదు, ఇసుక చల్లాలి. లాబ్‌లో అలమర పైన కప్పు కారుతుంది కాబట్టి కిందటేడు నుంచి సీసాను కింది అరలోకి మార్చాను."

ఆయన చూపు గది మూలకి పోయింది. అక్కడ ఏసీ నుంచి నీళ్లు టప్ టప్‌మని ప్లాస్టిక్ బకెట్‌లో పడుతున్నాయి. లేచి వెళ్లి, ఆ బకెట్‌ను తన కాలితోనే గోడవైపుకి నెట్టి వచ్చాడు. తర్వాత నగరానికి ఫోన్ చేశాడు. అవతల గొంతు ఆమెకు వినబడలేదు గానీ, ఇవతల ఆయన "అవునండీ, నా టేబుల్ మీదే... మీరు పంపించుకోండి... బస్సులోనా?... సంతకం నన్నే పెట్టమంటారా?" అనడం వినబడింది. ఫోన్ పెట్టేశాడు. పచ్చసిరా పెన్ను తీశాడు. రిజిస్టరు మీద పెట్టాడు. చదవకుండా తొంభై ఆరు పేజీల మీద నడిచిన పెన్ను ఈ ఒక్క గడిలో నడవలేదు.

"మేడం, ఇంతకాలం చేశారు. ఎప్పట్లాగే మీరే వచ్చి ఓ చుక్క పోసి వెళ్తే..."

"సర్వీసులో లేనివాళ్లు రాకూడదన్నారు కదా సర్. ఆ ఉత్తరం మీ ఫైల్లోనూ ఉంది."

"మరి సర్వీసులో ఉంటే?"

"ఉంటే ఎందుకు రాను సర్?"

సూపరింటెండెంట్ గుమ్మం దగ్గర ఉన్నాడు. ఆయన చేతిలో ఒకే ఒక్క సగం కాగితం మిగిలింది, సంతకం లేకుండా. ప్రిన్సిపాల్ ఆయన వైపు చూసి, "మేడందాన్ని ఈసారికి ఆపండి. సెలవుల్లో కూడా సర్వీసులోనే ఉన్నట్టు రాయండి. పైవాళ్లకి నేను చెప్పుకుంటాను" అన్నాడు.

"జీతంతోనా సర్?" అన్నాడు సూపరింటెండెంట్. అడగాల్సింది ఆయనే అడిగినందుకు చుక్క మేడానికి ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"సర్వీసంటే జీతం లేకుండా ఎలా? రాయండి."

"మరి నా పాత ఏళ్లు?" అంది ఆమె.

ప్రిన్సిపాల్ తలవంచుకున్నాడు. "అవి నా చేతిలో లేవు మేడం. నిజంగా లేవు."

అది నిజమేనని ఆమెకూ తెలుసు. గోడ మీది గడియారంలో నాలుగు దాటి అయిదు నిమిషాలైంది. పాత పదిహేడేళ్లు అటే పోయాయి, ఈ ఒక్క ఏడే తెగకుండా మిగిలింది. కాగితం టైపై వచ్చేదాకా నిలబడే ఉంది. ముద్ర పడిందో లేదో, తేదీ ఉందో లేదో చూసుకుంది. మడిచి సంచీలో పెట్టుకుని, తాళంచెవి తీసుకుని, సీసా రెండు చేతులతో ఎత్తుకుంది. ఆమె గుమ్మం దాటేదాకా ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చోలేదు.

వరండాలో ఫిజిక్స్ మాస్టారు ఎదురయ్యాడు. ఆయనదీ పదహారేళ్ల అనుభవం. సంగతి అప్పటికే ఆయన దాకా వచ్చేసింది. "మీరు అదృష్టవంతులు మేడం. మా లాబ్‌లో అన్నీ లోలకాలూ కటకాలే. వాటికి భయపడేవాడెవడు?" అని నవ్వాడు. ఆయన సగం కాగితం పొద్దున్నే సంతకమైపోయింది.

ఇల్లు చేరేసరికి అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఎవరో చూపుకి ఆనక, అడుగుల చప్పుడుని బట్టి పోల్చుకుంది.

"ఏమైందే అమ్మాయ్?"

చుక్క మేడం చెప్పులు విప్పి, ఆవిడ పక్కనే మెట్టు మీద కూలబడింది. లోపల భర్త చేతిలో తీగ ఆగింది. ఎన్నో చుట్టు దగ్గర ఆగాడో, లెక్క తప్పే ఉంటుంది.

"పాసయ్యాను అత్తయ్యా" అంది. "పద్దెనిమిదేళ్లకి రెండో తరగతిలోకి వచ్చాను."